పట్టుచీరకు పురుగు కొడితే వెతకవలసింది ఎక్కడ

ఒడిశాలోని బరంపురంలో బుడి ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్ళకొకసారి జరుగుతుంది. మధ్యలో ఏ పెళ్ళో పేరంటమో తగలకపోతే, పెద్దంచు పట్టుచీరలు ఆ యాత్ర నుంచి ఈ యాత్ర దాకా బీరువా అడుగు అరలోనే ఉండిపోతాయి. వాటిని తీసి విప్పిన రోజున కనిపించే దృశ్యం ఈ ఊళ్ళో చాలా ఇళ్ళకు తెలిసినదే. కుచ్చిళ్ళ దగ్గర ముందుగా ఒక చిల్లు, కాస్త దూరంలో అదే ఆకారంలో మరొకటి, ఇంకాస్త దూరంలో ఇంకొకటి. పురుగు చీరంతా తిరిగి కొరకలేదు. మడతపెట్టి ఉన్న చీరను ఒకేచోట పైపొర నుంచి కిందిపొర దాకా తొలుచుకుంటూ పోయింది. విప్పేసరికి ఆ ఒక్క గాటు వరుసగా ఆరు చిల్లులై కూర్చుంది.

అప్పుడు అందరమూ చేసే పని ఒకటే. బీరువా ఖాళీ చేసి, బట్టలను ఒక పూట ఎండలో వేసి, గుప్పెడు కలరా ఉండలు చల్లి, తలుపు మూసేస్తాము. రెండు మూడు నెలలకు మళ్ళీ బీరువా దగ్గర ఓ చిన్న లేతపసుపు రెక్కల పురుగు కనిపిస్తుంది, మళ్ళీ ఒక చిల్లు పడుతుంది. మా ఇంట్లో ఈ తంతు మూడేళ్ళు సాగింది. పురుగు మొండిదని అనుకున్నాము గానీ, మేము దాన్ని వెతుకుతున్న చోటే తప్పని తెలిసిరావడానికి అంత కాలం పట్టింది.

ముందుగా కొరికింది ఎవరో తేల్చుకోవాలి, ఎందుకంటే ‘పురుగు కొట్టింది’ అన్న ఒక్క మాట కింద మనం కనీసం నాలుగు వేర్వేరు జీవులను జమకట్టేస్తాము, వాటి తిండి వేరు, కాపురం వేరు, మందు వేరు. మొదటిది అసలైన బట్టల చిమ్మట. చిమ్మట అన్న మాటను కొన్నిచోట్ల చెట్ల మీద రొద పెట్టే పురుగుకు కూడా వాడతారు. ఇక్కడ చెబుతున్నది బియ్యపు గింజంత పొడవుండి, లేత బంగారు రంగులో మెరిసే చిన్న రెక్కల పురుగు గురించి. దీని శాస్త్రీయ నామం టినియోలా బిసెల్లియెల్లా. వెలుతురు తగిలితే ఎగరడం కన్నా మడతల్లోకి పరుగెత్తడమే దీనికి ఇష్టం. దీని దగ్గరి చుట్టం టినియా పెల్లియోనెల్లా పిల్లదశలో తన చుట్టూ ఒక గొట్టం లాంటి సంచీ అల్లుకుని, దాన్ని మోసుకుంటూ తిరుగుతుంది.

రెండోది గోడల మీద మనకు రోజూ కనిపించేదే: పుచ్చగింజలా చదునుగా, బూడిద రంగులో, రెండు చివరలా తెరిచి ఉండే ఒక సంచీ, అందులోంచి ఒకసారి ఈ చివరన, ఒకసారి ఆ చివరన తల బయటపెట్టే పురుగు. ఫెరియోకా అనే ఈ జాతి కూడా చిమ్మటల కుటుంబానిదే. ఇది ఎక్కువగా పాత సాలెగూళ్ళను, రాలిన వెంట్రుకలను, ఉన్ని పోగులను తింటుంది. బీరువాలో చిల్లులకు ఇదే కారణమని చాలామంది నమ్ముతారు. ఇది చేసే నష్టం తక్కువే అయినా గోడ మీద ఇవి పెరుగుతున్నాయంటే, ఆ గదిలో ఏళ్ళ తరబడి చీపురు తగలని మూల ఒకటి ఉందని అర్థం. ఆ మూల అసలు చిమ్మటకూ పనికివస్తుంది.

మూడోది రెక్కల పురుగు కాదు, పెంకుపురుగు పిల్ల. గోధుమ రంగులో, ఒళ్ళంతా ముళ్ళలాంటి నూగుతో ఉంటుంది, విడిచిన కుబుసాలను బట్టల మధ్య వదిలిపోతుంది. పెద్ద పురుగులు పూల పుప్పొడి తింటాయి కనుక కిటికీల దగ్గర కనిపిస్తాయి. పట్టు విషయంలో దీన్ని చిమ్మటతో సమానంగా అనుమానించాలి. నాలుగోది వెండిలా మెరుస్తూ జారిపోయే సిల్వర్ ఫిష్. దీనికి కావలసింది పిండిపదార్థం, అంటే గంజి, కాగితం, జిగురు. గంజి పెట్టిన నూలుచీరకు చిల్లు పడితే చిమ్మటను తిట్టుకోవడం అన్యాయం, ఎందుకంటే శుభ్రమైన నూలు దానికి తిండే కాదు. ఆ దోషం సిల్వర్ ఫిష్‌దో బొద్దింకదో అవుతుంది.

ఇవన్నీ భూతద్దం లేకుండానే తేల్చుకోవచ్చు. చిల్లు చుట్టూ సాలెపట్టు లాంటి సన్నని అల్లిక, ఇసుక రవ్వల్లాంటి గుండ్రని రేణువులు ఉన్నాయేమో చూడాలి. ఆ రేణువులు పురుగు రెట్ట. వాటి రంగు బట్ట రంగుదే అయివుంటుంది: మెరూన్ శాలువా మీద మెరూన్ రేణువులు, ఆకుపచ్చ అంచు మీద ఆకుపచ్చ రేణువులు. అల్లిక లేకుండా నూగు కుబుసాలు దొరికితే పెంకుపురుగు. అల్లికా కుబుసమూ లేకుండా, పైపొర గీరినట్లు పలచబడి ఉంటే సిల్వర్ ఫిష్.

చిమ్మట సంగతి తేలిన తరువాత, దాని బతుకు గురించి ఒక ముఖ్యమైన విషయం తెలుసుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. ఎగిరే పురుగు ఏమీ తినదు. దానికి పనికివచ్చే నోరే ఉండదు. కొద్ది వారాలు బతికి, జతకట్టి, ఆడది నలభై యాభై గుడ్లు పెట్టి చనిపోతుంది. తినేదంతా గుడ్డు నుంచి వచ్చిన తెల్లని పిల్లపురుగే. వేడి వాతావరణంలో గుడ్డు వారం పదిరోజుల్లో పిగులుతుంది, అనుకూలిస్తే రెండు మూడు నెలల్లో ఒక తరం పూర్తవుతుంది. తిండి చాలకపోయినా చలి తగిలినా అదే పిల్లపురుగు ఏడాదికి పైగా, ఒక్కోసారి రెండేళ్ళ దాకా నెమ్మదిగా బతుకు ఈడుస్తుంది. కనిపించిన రెక్కల పురుగులను చప్పట్లు కొట్టి చంపినందువల్ల సమస్య తీరకపోవడానికి కారణం ఇదే. మన చేతికి చిక్కేవి ఎక్కువగా మగవి, అప్పటికే పని ముగించుకున్నవి.

ఆ పిల్లపురుగుకు కావలసినది కెరాటిన్, అంటే ఉన్ని, వెంట్రుక, ఈక, గోరు, చర్మం వంటి వాటిలో ఉండే మాంసకృత్తి. ఇతర జీవులు చాలావరకు జీర్ణించుకోలేని ఈ పదార్థాన్ని దాని పేగు విడగొట్టగలదు. అయితే ఒట్టి ఉన్ని మీద అది బలంగా ఎదగలేదు, దానికి చెమట, మూత్రం, ఆహారపు మరకల నుంచి దొరికే విటమిన్లూ లవణాలూ కూడా కావాలి. అందుకే స్వెటర్‌లో మెడపట్టీ, చంకల భాగం ముందుగా పోతాయి. పట్టులో ఉండే మాంసకృత్తి వేరు. చిమ్మటకు మొదటి ఇష్టం ఉన్నే అయినా, మరకలున్న పట్టును అది వదలదు. పెళ్ళిలో కట్టిన చీరను ‘ఒక్కరోజేగా కట్టింది’ అని ఉతికించకుండా మడతపెట్టడం మన ఇళ్ళలో మామూలు. మా పాడైన చీర మడతలో, చిల్లుకు అంగుళం దూరంలో, పసుపు అంటిన తలంబ్రం గింజ ఒకటి అతుక్కుని ఉంది. దాని చుట్టూ పట్టు మీద పాయసం మరక ఎండి గట్టిపడి ఉంది.

ఇంకో మాట. సన్మానాల్లో కప్పే శాలువాలు ఎన్నేళ్ళు దాచినా చెక్కుచెదరవు. చాలావాటిలో ఉన్నిపోగు ఒక్కటీ ఉండకపోవడమే దానికి కారణం. పాలియెస్టర్‌ను చిమ్మట ముట్టదు. కనుక ఏది ప్రమాదంలో ఉందో ముందే వేరుచేసుకుంటే పని సగానికి సగం తగ్గుతుంది.

కలరా ఉండల దగ్గరికి వద్దాము. నాఫ్తలీన్ గడ్డ గదివేడికే కరగకుండా నేరుగా ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి పురుగును చంపగలదు, కానీ గాలి చొరబడని చోట, చాలినంత గాఢతలో, వారాల తరబడి నిలిచినప్పుడే. మన ఇనుప బీరువా తలుపు సందులోంచి ఆవిరి ఎప్పటికప్పుడు బయటికి పోతూనే ఉంటుంది. మనకు వాసన తగులుతోందంటే మందు పనిచేస్తోందని కాదు, బీరువాలో ఉండవలసినది మన ముక్కులోకి వస్తోందని. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువైనది. ఉండలను అడుగు మూలల్లో వేస్తే పై అరలకు అందదు. వాడదలచుకుంటే మూతపడే పెట్టెలో, బట్టల పైన, చిన్న గుడ్డమూటలో పెట్టాలి.

నా అభిప్రాయంలో అసలు వాడకపోవడమే మేలు, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇళ్ళలో. జి-6-పి-డి అనే ఎంజైమ్ లోపం ఉన్నవారిలో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో ఆ లోపం ఎక్కువగా కనిపిస్తుంది, కొరాపుట్, రాయగడ వంటి దక్షిణ ఒడిశా జిల్లాలు అటువంటివే. కలరా ఉండల మధ్య దాచిన పాత దుప్పటిని తీసి నేరుగా పురిటిబిడ్డకు చుట్టడం ప్రమాదకరమైన పచ్చకామెర్లకు దారితీయవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2002లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థంగా వర్గీకరించింది. ఐరోపా సమాఖ్య 2008లో ఈ ఉండల అమ్మకాన్నే ఆపేసింది. ఇంకొక చిక్కు: బజారులో తెల్ల ఉండల పేరుతో పారాడైక్లోరోబెంజీన్ కూడా దొరుకుతుంది. దాన్ని నాఫ్తలీన్‌తోనో, నాఫ్తలీన్‌ను కర్పూరంతోనో కలిపి పెడితే రెండూ కలిసి మన వేసవి గదివేడికే ద్రవమై బట్ట మీద జిడ్డుమరకగా దిగుతాయి. రెండు మందులు పెడితే రెట్టింపు రక్షణ అనుకోవడం ఇక్కడ చెల్లదు.

వేపాకు, వసకొమ్ము, వట్టివేరు, దేవదారు చెక్కల గురించి కూడా న్యాయంగా చెప్పుకోవాలి. వసకొమ్ములోని నూనెకు కొన్ని పురుగుల మీద నిజంగానే శక్తి ఉంది. దేవదారు నూనె కొత్తగా ఉన్నంతకాలం చిన్న పిల్లపురుగుల మీద పనిచేయవచ్చు. అయితే ఇవి రాకుండా ఆపడానికి కొంత తోడ్పడతాయే తప్ప, వచ్చి స్థిరపడిన వాటిని వెళ్ళగొట్టలేవు. గంజాం జిల్లా మొగలిపూలకు పేరుపొందినది. చీరల మడతల్లో మొగలిరేకు పెట్టుకోవడం మనవాళ్ళకు ఉన్న అందమైన అలవాటు. దాన్ని సువాసన కోసమే ఉంచుకుందాము, కాపలా పని దానికి అప్పగించవద్దు.

ఇక అసలు ప్రశ్న: పురుగు ఎక్కడుంది? బీరువాలో కనిపించేది దాని మేత మాత్రమే, దాని పుట్టిల్లు చాలాసార్లు వేరేచోట ఉంటుంది. చిమ్మట మనిషి నేసిన బట్టకన్నా ముందు నుంచీ పక్షిగూళ్ళలో, జంతువుల బొరియల్లో, ఎండిన కళేబరాల మీద బతికే జీవి. కనుక ఇంట్లో కెరాటిన్ పోగుపడే ప్రతిచోటునూ వెతకాలి. ఏసీ బయటి పెట్టె వెనుక పావురాల గూడు, అటక మీద పాత పిచ్చుక గూడు, ఎలుక చచ్చి ఎండిపోయిన మూల, బీరువా కాళ్ళ మధ్య వెంట్రుకలూ దుమ్మూ చేరిన ఉండలు, కుక్కో పిల్లో పడుకునే గోనె, చలికాలపు ఉన్ని రజాయిలు, మంచం కింద చుట్టపెట్టిన తివాచీ. పూజగదిలో నెమలి ఈకల విసనకర్ర, చామరం, జింకచర్మం ఎవరికీ గుర్తుకు రావు, కానీ వాటి ఈకల్లో, వెంట్రుకల్లో ఉన్నది కెరాటినే. హార్మోనియం లోపలి ఉన్ని ఫెల్ట్ పట్టీ కూడా అంతే.

మా ఇంట్లో అది తివాచీలో దొరికింది. గజపతి జిల్లా చంద్రగిరి దగ్గరి టిబెటన్ శిబిరం నుంచి ఎప్పుడో తెచ్చుకున్న ఉన్ని తివాచీ అది. నేయడంలో ఏ లోపమూ లేదు, దాన్ని నాలుగేళ్ళు మంచం కింద చుట్టపెట్టి మరచిపోవడం మా లోపం. విప్పితే లోపలి చుట్ట నుంచి ఉన్ని పొట్టులా రాలింది, వేళ్ళ మధ్య నలిపితే తెల్లని గొట్టాలు తగిలాయి. మేము మూడేళ్ళు మందు చల్లిన బీరువా దానికి నాలుగడుగుల దూరంలో ఉంది.

పుట్టిల్లు దొరికిన తరువాత చేయవలసినది మందు చల్లడం కాదు, శుభ్రం చేయడం. గూడు, కళేబరం, తిరిగి పనికిరాని బట్టలను సంచీలో మూటకట్టి ఆ రోజే ఇంటి బయటకు పంపాలి. చీపురుతో ఊడిస్తే గుడ్లు దుమ్ముతోపాటు పక్కగదికి చేరతాయి కనుక ఈ ఒక్క పనికి వాక్యూమ్ క్లీనర్ అరువు తెచ్చుకున్నా సరే. గోడకూ నేలకూ మధ్య సందులు, బీరువా అడుగు, మంచం కోళ్ళ అతుకులు, తలుపు చట్రం పగుళ్ళు అన్నీ సన్నమూతితో పీల్చి, సంచీని బయటే ఖాళీ చేయాలి. పురుగుమందు వాడితే ఆ సందుల్లోనే, అదీ శుభ్రం చేసిన తరువాతే వాడాలి. పట్టు మీద నేరుగా కొడితే మరక పడుతుంది, అది పురుగు చేసిన నష్టాన్ని మించిపోతుంది.

బట్టల్లో మిగిలిన గుడ్లను, పిల్లపురుగులను చంపడానికి మందు అక్కరలేని దారులు రెండున్నాయి: చలి, వేడి. చలికి రెండు తలుపుల ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ అరను వాడుకోవచ్చు. బట్టను గాలి తీసేసిన మందపాటి పాలిథిన్ సంచీలో మూసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని ఐస్ గది చాలాసార్లు అంత చలికి దిగదు. చలి నెమ్మదిగా తగిలితే పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది కనుక అరను కిక్కిరిసేలా నింపకూడదు. గోపాల్‌పూర్ గాలులకు గంటల తరబడి కరెంటు పోయే ఊరు మనది, మధ్యలో చలి తగ్గిపోతే లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. బయటికి తీసిన తరువాత సంచీని వెంటనే విప్పవద్దు. మన తేమగాలి చల్లని బట్ట మీద నీటిబొట్లై దిగుతుంది, జరీ నల్లబడుతుంది. ఒక రోజంతా గదిలో ఉంచి, సంచీ పైభాగం పొడిబారి మామూలు వేడికి వచ్చాకే తెరవాలి.

వేడి సంగతి చూస్తే, 50 నుంచి 55 డిగ్రీల వేడి బట్ట లోపలి పొరకు చేరి గంటసేపు నిలిస్తే గుడ్డుతో సహా ఏదీ మిగలదు. ఆరుబయట తీగ మీద ఆరేసిన బట్ట ఆ వేడికి చేరదు. ఆ ఎండ చేసే మేలు వేరు, వెలుతురుకు భయపడి పిల్లపురుగులు రాలిపోతాయి, దులిపితే గుడ్లు కొన్ని ఊడతాయి. ఉన్ని దుప్పట్లను నల్లని పాలిథిన్ సంచీలో కట్టి, వైశాఖమాసపు మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో పెట్టి, మధ్యలో ఒక థర్మామీటర్ దూర్చి చూస్తే ఆ వేడి వస్తుందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. పట్టును మాత్రం ఎండకు అప్పగించకూడదు, నేరు ఎండ దాన్ని పసుపుబార్చి, పోగును పెళుసు చేస్తుంది. దానికి డ్రై క్లీనింగ్ చేయించడమో, పైన నూలుగుడ్డ వేసి మడతల వెంబడి నిదానంగా ఇస్త్రీ చేయడమో సరైనవి.

తిరిగి దాచే దగ్గర కోస్తా ప్రాంతానికి ఒక చిక్కుముడి ఉంది, పొడి ప్రాంతాల వారు రాసిన సలహాల్లో ఇది కనిపించదు. పురుగు చొరబడకూడదంటే గట్టిగా మూసిన ప్లాస్టిక్ పెట్టె కావాలి. బూజు పట్టకూడదంటే గాలి ఆడే నూలుగుడ్డ కావాలి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకు అవకాశం మొదలవుతుంది, వానాకాలంలో మనకు అది 80 దాటడం మామూలే. అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు పాత పంచెల మూటలోని చిన్న సందులోంచైనా దూరగలదు. మేము కుదుర్చుకున్న రాజీ ఏమిటంటే, వానలు వెళ్ళిపోయి పొడిగాలి తగిలే మార్గశిరంలో చీరలను నీడన రెండు రోజులు ఆరనిచ్చి, పాత నూలుగుడ్డలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూతబిగుసుకునే పెట్టెలో పెట్టి, మూడు నెలలకొకసారి తెరిచి మడత మార్చడం. జరీ విరగకుండా పెద్దలు మడత మార్చమనేవారు. ఆ కదలిక చీకట్లో స్థిరపడిన పిల్లపురుగును కూడా చెదరగొడుతుంది. గంజి పెట్టిన బట్టను మాత్రం గంజి పోయేలా ఉతికాకే దాచాలి.

ఇంత చేసినా ఒక్కసారితో ముగియదు. తప్పించుకున్న గుడ్డు ఒకటి ఉంటుందనే లెక్కతో కనీసం రెండు తరాలకు సరిపడా, అంటే ఆరు నెలలపాటు, గమనిస్తూ ఉండాలి. జిగురు అట్ట మీద ఆడపురుగు వాసన పూసిన ఫెరోమోన్ ఉచ్చులు ఇందుకు పనికివస్తాయి. అవి మగవాటినే పట్టుకుంటాయి కనుక వాటితో బెడద తీరదు, కానీ ఏ గదిలో ఎక్కువ పడ్డాయో చూస్తే పుట్టిల్లు ఎటువైపు ఉందో చెబుతాయి. మన వరి, చెరకు రైతులకు తెలిసిన ట్రైకోగ్రామా కందిరీగలను ఐరోపాలో ఇళ్ళలో చిమ్మట గుడ్ల మీదకు కూడా వదులుతున్నారు. కంటికి ఆనని ఆ రీగలు గుడ్డులోనే పురుగును ముగించేస్తాయి.

చిల్లుపడిన చీరను రఫూకు ఇచ్చేముందు ఫ్రీజర్ మెట్టో డ్రై క్లీనింగో దాటించాలి, లేకుంటే మన పురుగు ఇంకొకరి మగ్గం గదికి వలస వెళుతుంది. పోగు కోసం బజారులో రంగు వెతకనక్కరలేదు. నడుము దగ్గర లోపలికి దోపుకునే చెంగు చివర జానెడు మేర అదే పట్టు, అదే వయసు, అదే వెలిసిన రంగు ఉంటుంది. అక్కడి నుంచి తీసిన పోగులతో అల్లితే అతుకు కంటికి ఆనదు. మా చీర ఆరు చిల్లుల్లో నాలుగు అలాగే పూడాయి. అంచును ఆనుకుని ఉన్న రెండు జరీలోకి పోవడం వల్ల పూడలేదు; కుచ్చిళ్ళు పోసి లోపలికి మళ్ళిస్తే కనిపించవు.